వార్షిక నివేదిక: ఆరాధన, 'దుడుకుగల', మిగతా విశేషాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, పిల్లలకు వేసవి తెలుగు తరగతులు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ ఏడాది చెప్పుకోవలసింది పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధన గురించే.

త్యాగయ్య ఐదు కృతులైన పంచరత్నాలు చెన్నైలో మనం ఏటా పాడుతున్నవే. నిజం చెప్పాలంటే అందరి ధ్యాసా 'ఎందరో మహానుభావులు' మీదే, రెండోదైన 'దుడుకుగల' ఎప్పుడైపోతుందా అన్నట్టుండేది. దాని రాగమైన గౌళలో ధైవతం ('ద' స్వరం) ఉండదు. రిషభం ('రి' స్వరం) కాస్త కిందికి పలకాలి. పదిమంది కలిసి పాడితే పది రిషభాలు వినబడేవి. అందుకని ఈసారి ఆదివారం సాధనలో ఆ ఒక్క కృతి పట్టుకుని కూర్చున్నాం.

సాహిత్యం చదివి అర్థం చెప్పుకున్నాం. ఎదుటివాళ్ళ మనసు కరిగేలా మాట్లాడి, వాళ్ళ సొమ్ముతో కడుపు నింపుకోవడం, సుఖపడటమే బతుకనుకుని రోజులు గడపడం, ఇలా త్యాగయ్య తప్పులన్నీ తన మీదే వేసుకుంటాడు. స్వరలయాలు తెలియకుండా, రాతి మనసుతో, మంచి భక్తులకు తామూ సమానమని చెప్పుకునేవాళ్ళ దాకా వస్తాడు. అక్కడ మన టీచరుగారు శ్రుతిపెట్టె ఆపి, "ఇది మనకే" అన్నారు. కాసేపు ఎవరూ అందుకోలేదు.

ఆరాధన నాడు ఆ చరణం దగ్గరే ముందు వరసలో ముగ్గురు నలుగురికి గొంతు పూడుకుపోయింది. వెనకవాళ్ళు అందుకోబట్టి తాళం తప్పలేదు. అర్థం చెప్పడం వల్లే ఇదంతా అని కమిటీలో కొందరన్నారు. కావచ్చు. కానీ మనతో పాడే పక్కవీధి తమిళ మామీలకు పుస్తకమే అక్కర్లేదు. వాళ్ళకు అర్థం ఈసారే తెలిసింది, కళ్ళనీళ్ళు మాత్రం ఏటా ఉన్నవే.

తిరువయ్యారు యాత్ర వేయమని చాలామంది అడిగారు. 1847లో త్యాగయ్య పరమపదించిన ఊరు. ఆయన సమాధి దగ్గర గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సొమ్ముతో గుడి కట్టించారు. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వని రోజుల్లో వాళ్ళ కోసం వేరే బృందమూ పెట్టారు. బస్సు ఖర్చు లెక్కలు చూస్తున్నాం.

వచ్చే ఏడు 'కనకనరుచిరా' తీసుకుంటున్నాం. దాని రాగం వరాళి. ఆ రాగాన్ని ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందంటారు కదా, టీచరుగారు రికార్డింగు పంపుతానన్నారు. వాట్సాప్ గ్రూపులో లేనివాళ్ళు కార్యదర్శికి నంబరు ఇవ్వండి.