పాత కంప్యూటర్లను కాటా వేసి అమ్మేయకండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ ద్వారకానగర్‌లో ఒక సందులో నాకు చిన్న కంప్యూటర్ షాపు ఉంది. 1999లో పెట్టాను. నేనూ, ఇద్దరు కుర్రాళ్లూ కలిసి అమ్మకం, రిపేరు రెండూ చూసుకుంటాం. మీ పత్రికలో గూగుల్ డేటా సెంటర్ గురించి వచ్చే వార్తలు ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అని ప్రకటించింది 2025 అక్టోబరు 14న. మా ఊరికి అంతటిది వస్తోందంటే నాకూ సంతోషమే. అయితే సరిగ్గా అదే రోజు మా బజారుకి ఇంకో కబురు వచ్చింది. కంప్యూటర్‌ని నడిపే విండోస్ 10 సాఫ్ట్‌వేర్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది ఆ అక్టోబరు 14నే. నా ఉత్తరం ఆ రెండో కబురు గురించి.

ఆ వారమంతా షాపులో ఫోను మోగుతూనే ఉంది. "గురువుగారూ, రేపట్నుంచి నా సిస్టమ్ ఆన్ అవ్వదంట కదా?" అని ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు. అక్కయ్యపాలెంలో జిరాక్స్ షాపు నడిపే ఆవిడ టెన్షన్‌తో సీపీయూని ఆటోలో వేసుకుని వచ్చేసింది. అప్పు చేసి కొత్తది కొనాలేమోనని ఆమె భయం.

వచ్చిన అందరికీ ఒకటే చెప్పాను. కంప్యూటర్ ఆగదు. ఆగేది సెక్యూరిటీ అప్‌డేట్లు. తలుపు గొళ్లెం ఊడితే మళ్లీ బిగించేవాడు ఇక రాడు, అంతే. ఇంట్లో వాడుకునేవాళ్లు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుంటే 2026 అక్టోబరు 13 వరకు ఆ అప్‌డేట్లు డబ్బు కట్టకుండానే వస్తాయి. ఈ ఏర్పాటు ఉందని చాలామందికి తెలియదు. పది నిమిషాల పని, మేం ఊరికే చేసి పంపిస్తున్నాం. ఆ అప్‌డేట్లకే విద్యాసంస్థలకైతే ఒక్కో కంప్యూటరుకి మొదటి ఏడాది ఒక్క డాలరు, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4 డాలర్లు. వ్యాపార సంస్థలు మొదటి ఏడాదికే 61 డాలర్లు కట్టాలి. స్కూళ్లు నడిపేవాళ్లు ఈ తేడా గమనించాలని నా మనవి.

అసలు చిక్కు దాని తర్వాతదైన విండోస్ 11కి మారడం దగ్గర వచ్చింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ గాని ఆ తర్వాతది గాని కావాలి. ఎనిమిదో తరం బజార్లోకి వచ్చిందే 2017 రెండో సగంలో. నాలుగో తరం, ఆరో తరం ఐ3లు, ఐ5లు ఎంత చక్కగా పనిచేస్తున్నా లెక్కలోంచి పోయాయి. మన ఊళ్లో బడి ల్యాబుల్లో, చిన్న ఆఫీసుల్లో నా చేతికి వచ్చేవి ఎక్కువగా అవే.

నవంబరులో ఒక పని మీద గాజువాక వెళ్లి తిరిగి వస్తుంటే, రోడ్డు పక్కన పాత ఇనప సామాన్ల కొట్టు ముందు సీపీయూలు ఒకదాని మీద ఒకటి పేర్చి కనిపించాయి. బండి ఆపి లెక్కపెట్టాను. 38. అన్నీ ఒకే మోడల్. ప్రతిదాని మీదా తెల్ల పెయింటుతో ల్యాబ్ నంబరు. ఏదో ప్రైవేటు స్కూలువి. "ఏటన్నా ఇవి?" అని అడిగాను. "విండోస్ అయిపోయిందంట సార్, కొత్తవి కొనుక్కున్నారు. కాటా వేసి తీసుకున్నాం" అన్నాడు కొట్టతను. చేతిలో సుత్తి ఉంది. రాగి వేరు, అల్యూమినియం వేరు, రేకు వేరు చేసి అమ్ముకుంటాడు. అతని తప్పేం లేదు, అతని వ్యాపారం అది.

నా బండి డిక్కీలో స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉంటుంది. ఒకదాని పక్క రేకు విప్పి చూశాను. ఫ్యాన్ మీద వేలు మందాన దుమ్ము తప్ప లోపల ఏ లోపమూ లేదు. నాలుగో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. కెపాసిటర్ ఒక్కటైనా ఉబ్బలేదు. జేబులో ఉన్న డబ్బుకి ఆరు వచ్చాయి. షాపుకి తెచ్చి ర్యామ్ తీసి, దాని పసుప్పచ్చ పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాసి ఆన్ చేశాను. ఆరూ ఆన్ అయ్యాయి. పాస్‌వర్డ్ లేదు. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్, దాని నిండా పిల్లల ఫొటోలు, ఆధార్ కాపీలు, మార్కుల జాబితాలు. చూసి నా ఒళ్లు జలదరించింది. నాకూ ఆడపిల్లలు ఉన్నారు. ఆరు డిస్కులూ ఆ రాత్రే పూర్తిగా చెరిపేశాను. మర్నాడు పొద్దున్నే డబ్బు పట్టుకుని మిగతావాటి కోసం వెళ్తే అవి అప్పటికే లారీ ఎక్కేశాయి. 32 కంప్యూటర్లు, వాటిలో ఉన్న పిల్లల వివరాలతో సహా.

ఆ ఆరింటికీ హార్డ్‌డిస్క్ బదులు వేగంగా పనిచేసే 240 జీబీ ఎస్‌ఎస్‌డీలు బిగించి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాం. మీట నొక్కిన అరనిమిషంలో తెర వస్తోంది. మధురవాడ నుంచి ఒక ఆటో డ్రైవరు, పాలిటెక్నిక్ చదివే కూతురిని తీసుకుని వచ్చాడు. కొత్త ల్యాప్‌టాప్ ధరలు విని అప్పటికే రెండు షాపుల నుంచి వెనక్కి వచ్చేశారు. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని సి ప్రోగ్రామ్ ఒకటి టైప్ చేసి, కంపైల్ చేసి, "నాకు ఇది చాలు అంకుల్" అంది. పాత మానిటర్‌తో కలిపి 6,500కి ఇచ్చాను. వాళ్ల నాన్న మాత్రం వదల్లేదు. "ఎన్నాళ్లు నడుస్తాది బాబూ?" అని మూడుసార్లు అడిగాడు. ఏడాదిలోపు ఏం వచ్చినా నేను చూస్తానని కాగితం మీద రాసి, షాపు స్టాంపు వేసి ఇచ్చాను.

మా వ్యాపారం ఎన్నో మలుపులు చూసింది. మొదట్లో నెలకోసారి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేవాణ్ణి. హార్డ్‌డిస్కులు తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చేవాణ్ణి. అసెంబుల్డ్ కంప్యూటర్ 40 వేలు ఉండేది, ఒక్కోదాని మీద మూడు వేలు మిగిలేది. ఆ రోజుల్లో దొంగ సీడీలతో విండోస్ వేసేవాళ్లం. నేనూ వేశాను. అది తప్పని ఆలస్యంగా గ్రహించి మానేశాను. తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, వాటి వెనకే ఆన్‌లైన్ అమ్మకాలు. నేను కొన్న ధర కంటే తక్కువకి అక్కడ దొరుకుతుంటే కస్టమర్‌ని తప్పుపట్టలేను. 2018 నుంచి ఎస్‌ఎస్‌డీ మార్పు పని మమ్మల్ని నిలబెట్టింది. ఇప్పుడు మా ఆదాయం చాలావరకు అమ్మకంలో లేదు, బాగుచేయడంలో ఉంది.

ఈ ఊరి కంప్యూటర్లను ఈ ఊరివాళ్లే బాగుచేయాలని నేననడానికి కారణం ఉంది. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు నుంచి వచ్చే మదర్‌బోర్డుల మీద ఉప్పుగాలికి పచ్చటి చిలుము పడుతుంది. పోర్టు పక్కన పాతనగరం నుంచి వచ్చేవాటిలో నల్లటి బొగ్గు దుమ్ము. తెరవక ముందే ఏ పేట నుంచి వచ్చిందో మా కుర్రాళ్లు చెప్పేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. తడిసిన సీపీయూలు విప్పి, మేడ మీద చాప పరిచి, బోర్డులు వరుసగా ఎండబెట్టాం. సగానికి పైగా మళ్లీ బతికాయి. ఈ పని ఏ కాల్ సెంటరుకి ఫోన్ చేసినా జరగదు.

కొత్తది కొనేద్దామంటే ఇప్పుడు అదీ తేలిక కాదు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు పెద్ద ఎత్తున అటు వెళ్లిపోతున్నాయి. 2025 వేసవిలో నేను అమ్మిన ర్యామ్ ధర ఏడాది తిరక్కుండానే రెండింతలు దాటింది. మేం ఎక్కువగా వాడే క్రూషల్ అనే ర్యామ్ బ్రాండ్‌ని, మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పిస్తున్నామని మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఆ వార్త చదివిన రోజు గాజువాక కొట్టు ముందు చూసిన ఆ 38 ర్యామ్‌లే కళ్ల ముందు మెదిలాయి.

లినక్స్ అందరికీ సరిపోతుందని నేను చెప్పను. ట్యాలీ మీద బతికే అకౌంటెంటుకి విండోస్ కావాలి. డాబాగార్డెన్స్‌లో పెళ్లి కార్డులు చేసే డీటీపీ మిత్రుడి పని మొత్తం పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, అనూ తెలుగు ఫాంట్లలో ఉంది. ఇరవై ఏళ్ల ఫైళ్లు, ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్ అక్షరాల పద్ధతిలోకి తిరగరాయడం ఆయన వల్ల కాదు. ఆయన సిస్టమ్‌కి ఇంటర్నెట్ వైరు తీసేసి, ఆ పనికే వాడుకోమన్నాను. కానీ ఎనిమిదో తరగతి పిల్లవాడు టైపింగ్, లెక్కలు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి లినక్స్‌కి ఏం తక్కువ? కేరళ ప్రభుత్వ బళ్లలో ఏళ్ల తరబడి దాని మీదే కంప్యూటర్ పాఠాలు నడుస్తున్నాయి. తెలుగు టైపింగ్ కూడా అందులో హాయిగా చేసుకోవచ్చు.

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) అధికారులకు, జిల్లా విద్యాశాఖ వారికి, ప్రైవేటు స్కూళ్లు నడిపే పెద్దలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. 2026 అక్టోబరు 13 లోపు మీ దగ్గరున్న కంప్యూటర్లను పనికొచ్చేవి, రానివి అని తెలిసినవాళ్లతో వేరు చేయించండి. వేలం వేసినా, దానం చేసినా ముందు డిస్కులు చెరిపించండి. పిల్లల ఆధార్ కాగితాలు పాత ఇనప కొట్టుకి చేరకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల్లో పాతవి బాగుచేసి తిరిగి వాడకానికి ఇచ్చేవాళ్లకు చోటు ఉంది, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మాలాంటి చిన్న షాపు ఒంటరిగా ఆ పని చేసుకోలేదు. పదిమందిమి కలిసి ఒక కేంద్రం పెట్టుకుంటాం, నగరంలో ఒక గది చూపించండి. అలాగే మెయింటెనెన్స్ టెండర్లలో టర్నోవర్ షరతు తగ్గించండి. ఒక ఆఫీసుకి పదేళ్లు నేనే సర్వీసు చేశాను. కొత్త టెండరులో కోట్ల టర్నోవర్ అడిగారు, నేను దరఖాస్తు కూడా పెట్టలేకపోయాను. ఇప్పుడు అక్కడ ప్రింటర్ ఆగితే వేరే ఊరి నుంచి మనిషి వచ్చేదాకా పని ఆగిపోతోందని అక్కడి అటెండరు వచ్చి చెప్పి బాధపడ్డాడు.

ఏ ప్రభుత్వ బడి హెడ్‌మాస్టారైనా ఆదివారం ఉదయం 10 నుంచి 1 గంట వరకు మా షాపుకి రావచ్చు. ల్యాబ్‌లోంచి ఒక్క సీపీయూ తెస్తే చాలు. మానిటర్, కీబోర్డు, మౌస్ మా దగ్గర ఉన్నాయి. లోపలున్నది ఏదీ ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌తోనే లినక్స్ నడిపి చూపిస్తాను. నచ్చితే మిగతావాటికి మేమే బడికి వచ్చి వేస్తాం, కూలి తీసుకోం.

ఇట్లు,
ఒక కంప్యూటర్ షాపు యజమాని,
ద్వారకానగర్, విశాఖపట్నం.