చెందుర్తి సిపాయిల ఎర్రకోటు గురించి

అమలాపురం

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఉత్తరం అందింది. పాత యుద్ధాన్ని పొలంలో ఆడి చూపించడానికి మీ పదహారుమందీ ఏ పటాలం వేషం కట్టాలో తేల్చుకోలేక మూడు ముక్కలయ్యారని రాశావు. ఒకళ్లు కాకతీయ సైన్యం అంటే, ఇంకొకళ్లు ఫ్రెంచివాళ్లు, మరొకళ్లు 1922 మన్యం దళం అంటున్నారట. నా మాట వింటే ముగ్గురూ ఆ పట్టు వదిలేసి చెందుర్తి యుద్ధం పట్టుకోండి. 1758 డిసెంబరు, గొల్లప్రోలు పక్కనే, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకీ ఫ్రెంచివాళ్లకీ జరిగింది. అందులో కూడా దొరల పటాలం, అంటే కంపెనీ ఐరోపా సైనికుల జోలికి వెళ్లకండి. కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు వెంట బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన సిపాయిలను ఎంచుకోండి.

కాకతీయులంటే నాకూ ఇష్టమేరా. కానీ గుడి గోడల మీది శిల్పం చూసి కత్తి ఆకారం పట్టుకోవచ్చు గానీ, ఆ గుడ్డ ఎంత మందమో, ఏ రంగో, కుట్టు ఎక్కడ పడిందో రాయి చెప్పదు. సగం ఊహించి కుట్టించాక చూసినవాళ్లు నాటకం డ్రెస్సంటారు. మన్యం దళమంటావా, ఆ కుటుంబాలవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లను అడగకుండా, వాళ్లు లేకుండా ఆ వేషం కట్టకూడదు.

సిపాయిలే ఎందుకంటే, చెందుర్తిలో యుద్ధాన్ని మలుపు తిప్పింది వాళ్ల ఎర్రకోటే. రెండు పక్కలా ఐరోపావాళ్లు దాదాపు ఐదేసి వందల మంది. సిపాయిల లెక్కలో మాత్రం ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ది పెద్ద చెయ్యి. ఫోర్డు దగ్గర సుమారు 2,000 మంది ఉంటే అతని దగ్గర 6,000 మంది. ఫోర్డు తన దొరల పటాలాన్ని నిలబెట్టిన చోట మనిషెత్తు పంట చేను అడ్డొచ్చి వాళ్లు కనపడలేదు. పక్కన ఎర్రకోట్లతో నిలబడ్డ సిపాయిలను చూసి ఫ్రెంచివాళ్లు అదే ఇంగ్లీషు పటాలం అనుకుని మీద పడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. తరుముతూ వచ్చిన ఫ్రెంచి వరస చెదిరిపోయింది. అప్పుడు చేను చాటున ఉన్నవాళ్లు పక్కనుంచి కాల్చారు. ఆ తర్వాత రాజమండ్రి, 1759 ఏప్రిల్లో బందరు కోట ఫోర్డు చేతిలో పడ్డాయి. ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, ఫ్రెంచివాళ్ల పని అయిపోయింది. ఇంత కథ ఒక కోటు రంగు చుట్టూ తిరిగింది కదా, ఆ కోటు తొడిగి మన పొలంలో నిలబడితే చూసేవాళ్లకి వేరే వ్యాఖ్యానం పెద్దగా అక్కర్లేదు.

కంపెనీ జీతగాళ్ల వేషం మనమెందుకు కట్టాలని మీలో ఎవరో అడుగుతారు. అడగాల్సిందే. ఆ సిపాయిల్లో చాలామంది బీహారు, అవధ్ వైపు నుంచి జీతానికి వచ్చినవాళ్లు. వాళ్ల భుజాల మీదే కంపెనీ మన జిల్లాల్లోకి వచ్చింది. ఆ మాట మైకులో దాచకుండా చెప్పండి.

లెక్క చూద్దాం. అప్పట్లో పటాలం మూడు వరసల్లో నిలబడి కాల్చేది. వరసకు నలుగురైతే పన్నెండు మంది. వాళ్లమీద హవల్దారు ఒకడు, అతని కింద నాయకు ఒకడు, డ్రమ్ము వాయించేవాడు ఒకడు, వెరసి పదిహేను. పదహారోవాడు అదనం, ఎందుకంటే ఆ రోజుకి ఎవడో ఒకడు రాడు. దొరల పటాలమైతే మూడు మూలల టోపీ, మేజోళ్లు, బకిల్ బూట్లు, మోకాళ్ల పైదాకా గేటర్లు (కాళ్లకి బిగించే గుడ్డ తొడుగులు), ఆ గేటర్లకి ఒక్కో కాలికి రెండు డజన్లకు పైగా బొత్తాలు. సిపాయికి నడుందాకా కోటు, నడికట్టు, పొట్టి తెల్ల జాంగియా, తలపాగా చాలు.

కోటు దగ్గరే అందరూ దెబ్బ తింటారు. మన దర్జీకి ఇస్తే బ్యాండుమేళం కోటు కుట్టి పెడతాడు. ఆ కాలపు కోటుకి చంక చాలా పైకి, బిగువుగా ఉంటుంది. వీపు ముక్క సన్నగా, చెయ్యి మోచేతి దగ్గర వంపు తిరిగి ఉంటుంది. ఇప్పటి చొక్కాలా చంక వదులుగా పెట్టాడనుకో, తుపాకి భుజానికి ఎత్తగానే కోటంతా పైకి లేచి పొట్ట కనపడుతుంది. అందుకని ముందు కోరా గుడ్డతో ఒకటి కుట్టించు. తొడుక్కుని రెండు చేతులూ ఎత్తి చూడు. అంచు రెండు వేళ్లకంటే పైకి లేస్తే చంక మళ్లీ కత్తిరించాల్సిందే. అది కుదిరాకే ఉన్ని గుడ్డ ముట్టుకోవాలి. 58 అంగుళాల పన్నాలో మనిషికి రెండు మీటర్లు, లోపలికి ఇంకో రెండు మీటర్లు కోరా. రెండూ తడిపి ఆరేశాకే కత్తిరించాలి, లేకపోతే మొదటి వానకి చేతులు పొట్టివైపోతాయి. రంగు పండుమిరపకాయలా మెరవకూడదు. మామూలు సైనికుల గుడ్డకి మంజిష్ఠ వేరు రంగు వేసేవాళ్లు, ఎండుమిరపకాయ రంగు దానికి దగ్గర. పాలిస్టరు మాత్రం వద్దు, ఎండలో దాని మెరుపు దూరం నుంచే పట్టిస్తుంది.

తలపాగాకి మల్లుగుడ్డ ఐదారు మీటర్లు తీసుకో. కింద నూలు టోపీ పెట్టి చుట్టకపోతే చెమటకి జారుతుంది. గంజి ఎక్కువ పెట్టకండి, సముద్రపు గాలికి అది మెత్తబడి వేలాడుతుంది.

తుపాకి సంగతి జాగ్రత్తగా విను. అప్పటి ఇంగ్లీషు తుపాకిలో గొట్టమే 46 అంగుళాలు, మొత్తం 62 దాకా, బరువు నాలుగున్నర కిలోలు పైమాటే. నిజమైన నాటు తుపాకి జోలికి వెళ్లకండి. ముందునుంచి మందు కూరేదైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాల్సిందే. గొట్టం బదులు 20 మిల్లీమీటర్ల నిండు ఇనప కడ్డీ వేయించు. 46 అంగుళాల ముక్క 2.9 కిలోలు తూగుతుంది, చెక్కతో కలిపితే అసలు బరువు వచ్చేస్తుంది. కంటికి కాస్త సన్నం, పర్లేదు. కడ్డీ కాబట్టి కాల్చే వీలు లేదని పోలీసులకి చేత్తో పట్టుకోగానే తెలుస్తుంది. బరువు లేకుండా ఒట్టి చెక్కతో చేయిస్తే కుర్రాళ్లు కర్రసాము కర్రలా తిప్పుతారు, డ్రిల్లు కుదరదు. చెక్క టేకు వాడు. కొండపల్లి బొమ్మల పొణికి దీనికి పనికిరాదు, గోరు గుచ్చినా గుంట పడుతుంది. మడమకీ (భుజానికి ఆనించే వెడల్పు చివర) గొట్టానికీ మధ్య సన్నబడే చోట చెక్క నార నిలువుగా పోవాలి. అడ్డంగా పడితే నేలకి దించిన మొదటి దెబ్బకే విరుగుతుంది. వడ్రంగి దగ్గర కూర్చుని ఆ ముక్క నువ్వే ఏరు. తుపాకి మూతికి తగిలించే బాయినెట్టు కత్తి చెక్కదే, మొన గుండ్రంగా ఉండాలి. ఇనుముకి ప్రతివారం నూనె పట్టించు, లేకపోతే కాకినాడ గాలికి నెల తిరక్కుండా తుప్పు.

మందుగుండు వద్దేవద్దు. కాల్పుకి పెద్ద డ్రమ్ము మీద ఒక్క దెబ్బ చాలు. ఒక వరస కాల్చాక మళ్లీ నింపుకోడానికి ఇరవై సెకన్లు పట్టాలి. ఎవడైనా తొందరపడి పది సెకన్లకే ఎత్తాడంటే అబద్ధం బయటపడిపోతుంది. పోలీస్‌స్టేషన్లో ముందే కాగితం ఇచ్చి, దానికి తుపాకుల ఫొటోలు జతచెయ్యి.

ఇంకొకటి మర్చిపోయాను, కాళ్లు. సిపాయిలు చెప్పులతోనో ఉత్తకాళ్లతోనో నడిచేవాళ్లు కదా అని మీరూ ఉత్తకాళ్లతో దిగకండి. డిసెంబరుకి సార్వా (వానాకాలపు వరి) కోసేసి ఉంటారు, వరి కొయ్యకాళ్లు మేకుల్లా పొడుస్తాయి. తోలు చెప్పులు వేసుకోండి. పొలం కూడా మెట్ట వైపే చూడు. కాలవ కింద అయితే దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లు వదిలేస్తారు, నల్లమట్టి ఒక్కో కాలికి శేరు అంటుకుంటుంది.

తోలు పట్టీలకి తెల్లసుద్ద పూసేవాళ్లు. ఉత్త సుద్ద చెమటకి కారి ఎర్రకోటు మీద చారలు కడుతుంది. కొంచెం తుమ్మజిగురు కలిపి పల్చగా రెండు పూతలు వెయ్యి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది.

మీ వాళ్లలో కోటు ఖర్చు భరించలేనివాళ్లు ఉంటే ఫోర్డు పక్షాన ఉన్న విజయనగరం ఆనంద గజపతి రాజు బలంలో చేర్చు. వాళ్లలో చాలామందికి బల్లేలు, విల్లమ్ములే. వెదురు బల్లెం, ముతక నూలు పంచె, తలపాగా ఉంటే సరిపోతుంది. అయితే వరసలో కలిపెయ్యకు, పక్కన విడిగా నిలబెట్టు.

దసరా లోపు కోరా కోటు కుట్టించు. చేతులు పైకెత్తి ముందునుంచి ఒకటి, వీపువైపు ఒకటి ఫొటో తీసి పంపు. చంక చూసి చెప్తాను, ఆ తర్వాతే ఉన్ని గుడ్డ కొను.

నీ
శీను