వాన పడేటప్పుడు కిటికీలు మూయించొద్దు సార్

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం సార్. మా పాప ఒకటో తరగతి. మొన్న వాన మొదలవగానే వాళ్ల క్లాసులో కిటికీలు మూసేసి "మేఘాల వల్ల వాన పడుతుంది" అని పదిసార్లు రాయించారట. బయట వాన పడుతుండగానే! చాలా బాధేసింది.

ఈ వయసులో 'దీనివల్ల అది జరిగింది' అన్నది కళ్లతో చూస్తేనే ఎక్కుతుంది. ఇంట్లో రెండు పళ్లేల్లో సమానంగా కాసిని నీళ్లు పోసి ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టాం, ఎండలోది ముందు ఆరిపోయేసరికి "అందుకేనా నాన్నా బట్టలు ఎండలో ఆరేస్తాం?" అని తనే అడిగింది. తొలకరికి ఉసిళ్లు లేస్తాయి, వాటిని తినడానికి నేలలోంచి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఒకదాని వెంట ఒకటి, ఎంత చక్కటి పాఠం! కప్పలు అరిచాయి కాబట్టే వాన వచ్చిందని పాప వాదించింది. తప్పని చెప్పలేదు, కప్పలు అరిచిన ప్రతి రాత్రీ వాన పడిందేమో చూద్దామన్నాను. ఇప్పుడు రోజూ లెక్క పెడుతోంది.

3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటలతో, అనుభవంతో నేర్పాలని 2022 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్తోంది. ఉరుములు, పిడుగుల టైంలో లోపలే ఉంచాలి, అందులో రెండో మాట లేదు. మిగతా రోజుల్లో మాత్రం వారానికి ఒక్క పీరియడైనా పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్లమని, ఆ పూట నోట్సు అడగొద్దని టీచర్లకు ఒక సర్క్యులర్ ఇవ్వండి సార్. ఈ వానాకాలం అయిపోకముందే ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఒకటో తరగతి పాప తండ్రి