ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం బేరం వద్దు

కాశీబుగ్గ,
ఆదివారం సాయంత్రం.

అమ్మడూ,

చిట్టి పిన్ని కొడుకు బుధవారం ప్రశాంతిలో బెంగళూరు వస్తున్నాడు. వాడి చేత జీడిపప్పు, ఆవకాయ పంపుతున్నాం. ఉత్తరం జీడిపప్పు డబ్బా మీద రబ్బరు బ్యాండు వేసి పెట్టాను, ఆవకాయ దగ్గర పెడితే నూనె అంటుకుంటుందని. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నా నాన్నా అంటున్నావు. మొన్న ఆదివారం కూడా మీటింగేనట. సరే, పనిలో ఉండటం మంచిదే.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కంప్యూటర్ సామాన్ల లిస్టు ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో చూశాను. గేమింగ్ అంటే నాకేం తెలుసనుకోకు. పెళ్లి వీడియోల మిక్సింగ్ సిస్టమ్‌కి కావలసినవీ దీనికి కావలసినవీ ముప్పాతిక వంతు ఒకటే. పైగా కరోనా అప్పటినుంచి పెళ్లిళ్లు లైవ్ ఇస్తున్నవాణ్ణి. పీటల మీద ఉన్నవాళ్ల కన్నా అమెరికాలో చూస్తున్నవాళ్ల గొడవే ఎక్కువ మాకు.

80,000లో అన్నీ రావాలన్నావు. ప్రాసెసర్ రైజెన్ 5 7600 బాగానే ఉంది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. నువ్వు ఆడే ఆ వాలరెంట్‌కి గ్రాఫిక్స్ కార్డు కన్నా ప్రాసెసరే ముఖ్యమని మన మిక్సింగ్ కుర్రాడు కూడా అన్నాడు. అది బోర్డు మీద కూర్చునే చోటు, అదే సాకెట్, కొత్త ఏఎం5 రకం కాబట్టి రెండు మూడేళ్ల తర్వాత పెద్ద ప్రాసెసర్ వేసుకోవాలన్నా బోర్డు మార్చక్కర్లేదు. కాకపోతే పాత ఏఎం4లో 5600 అని ఒకటి ఉంది, అదీ 6 కోర్లే. దానికి పాత రకం డీడీఆర్4 ర్యామ్ చాలు, ఆ స్టిక్కులు స్టూడియోలో రెండు ఖాళీగా పడి ఉన్నాయి. ఇప్పుడు మెమరీ చిప్‌లన్నీ ఏఐ డేటా సెంటర్లకు పోతున్నాయి, కొత్త ర్యామ్ ధర వింటే కళ్లు తిరుగుతున్నాయి. నెల నెలా జీతం పడుతుంటే 7600 వేసుకో. చేతిలో డబ్బు జాగ్రత్తగా వాడాల్సిన రోజులైతే 5600 ఆలోచించు. ఊరికే అంటున్నాను.

రంగుల లైట్ల లిక్విడ్ కూలర్ కొట్టేశాను. 7600 బాక్సులోనే కంపెనీ కూలర్ వస్తుంది, 65 వాట్ల దానికి అది చాలు. ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్ అని రాశావు, అది వద్దు. 16 అయితే రెండు 8లు, 32 అయితే రెండు 16లు. ఒకటే వేస్తే డ్యూయల్ చానల్, అంటే రెండు దారుల్లో డేటా నడవడం, ఉండదు, ఆటలో ఫ్రేములు పడిపోతాయి. సిస్టమ్ కట్టాక బయోస్‌లో ఎక్స్‌పో అని ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయడం మర్చిపోకు. చేయకపోతే 6000 వేగమని డబ్బు పోసి కొన్నది 4800 దగ్గరే నడుస్తూ కూర్చుంటుంది, నీకు తెలియను కూడా తెలియదు.

గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5060 అన్నావు. 8 జీబీతో నీ ఆటలకు, 1080 మానిటర్‌కి సరిపోతుంది. నాకు నచ్చింది వేరే కారణానికి. లైవ్ ఇచ్చేటప్పుడు వీడియోని కుదించే పని ఎన్‌విడియా కార్డులో ఎన్‌వెంక్ అనే భాగం విడిగా చూసుకుంటుంది, ఆట మీద భారం పెద్దగా పడదు. లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌కోడర్ దగ్గర ఎక్స్264 అని ఉంటే ఆ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. నీది అలాగే ఉందని నా అనుమానం. శుక్రవారం రాత్రి నువ్వు తుపాకీ పేల్చినప్పుడల్లా బొమ్మ గళ్లు గళ్లుగా అయిపోయింది.

అవును, చూస్తున్నాం. మీ అమ్మా నేనూ. చూసేవాళ్లు 14 మంది అని పక్కన పడుతుంది కదా, అందులో ఇద్దరం మేమే. మీ అమ్మకి ఆట అర్థం కాదు, నువ్వు చచ్చిపోయినప్పుడల్లా "అయ్యో" అంటుంది. నీ మీద ఎవడో తెలుగులో ఏదో కామెంట్ పెడితే వాడికి జవాబు రాయమని నా మీద పడింది. నేనే ఆపాను.

అప్‌లోడ్ సంగతి చూసుకో. 1080లో 60 ఫ్రేములకు, నువ్వు లైవ్ ఇచ్చే ట్విచ్ సైటు వాళ్లు 6000 కేబీపీఎస్ పెట్టమంటారు. అంటే గంటకు 2.7 జీబీ పైకి వెళుతుంది. డౌన్‌లోడ్ 100 ఉందని మురిసిపోకు, లైవ్‌కి కావలసింది అప్‌లోడ్, అది కూడా ఊగకుండా ఉండాలి. వైఫై నమ్మకు, లాన్ కేబుల్ లాగించు. మీ పీజీలో లాన్ పాయింట్ ఇస్తారా? ఇంకా అదే పీజీలో ఉన్నావు కదా?

ఇప్పుడు అసలు సంగతి. సిస్టమ్ మొత్తానికీ కరెంటు అందించే డబ్బా దగ్గర ఎస్‌ఎంపీఎస్ అని రాసి పక్కన "కేబినెట్‌తో వచ్చేది" అన్నావు. అది చదివి నాకు బీపీ పెరిగింది.

తిత్లీ తుఫాను గుర్తుందా? నువ్వు అప్పుడు విశాఖలో హాస్టల్లో ఉన్నావు, అందుకే నీకు సగమే తెలుసు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజాము. పొద్దున్నకి ఉద్దానంలో కొబ్బరి చెట్టు నిలబడి లేదు, జీడితోటలు పడుకున్నాయి, కరెంటు స్తంభాలు రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. నా దగ్గర హరిపురం వాళ్ల పెళ్లి మిక్సింగ్ మిగిలి ఉంది. శ్రావణంలో చేసిన పెళ్లి. పెళ్లికొడుకు దసరా వెళ్లగానే మస్కట్ ఎక్కాలి, ఈలోగా వీడియో ఇచ్చేయాలి. పెళ్లికూతురు తండ్రి తోట మొత్తం పోగొట్టుకున్నాడు, అయినా వీడియో గురించి రెండుసార్లు మనిషిని పంపాడు.

పక్క టిఫిన్ హోటల్ అతను జనరేటర్ తెచ్చుకుంటే, డీజిల్‌లో వాటా ఇస్తామని వైరు లాగుకున్నాం. వాడు గ్రైండర్ వేసినప్పుడల్లా మన బల్బు ఎర్రబడిపోయేది, ఆపగానే భగ్గుమనేది. పప్పు రుబ్బడం అయ్యాక మొదలుపెడదామని కూర్చునేవాళ్లం, వాడు పప్పయ్యాక పచ్చడి వేసేవాడు. అప్పటికి ఏడాది కిందటే ఆ సిస్టమ్ కట్టిన షాపు అతను "ఎస్‌ఎంపీఎస్ ఏదైనా ఒకటే సార్, కేబినెట్‌తో ఫ్రీగా వస్తుంది, మీద 500 వాట్లని ఉంది చూడండి" అని అందులోది అలాగే ఉంచేశాడు. మూడో రోజు సాయంత్రం, అప్పగింతల దగ్గర పాట కలుపుతున్నాను, గ్రైండర్ ఆగింది, లోపల ఠప్‌మంది. కాలిన వాసన. మీ అమ్మ వంటింట్లోంచి వచ్చి మెయిన్ లాగేసింది, నేను ఇంకా మౌసు పట్టుకునే ఉన్నాను.

విప్పి చూస్తే ఆ ఎస్‌ఎంపీఎస్ లోపల సగం చోటు ఖాళీ. వోల్టేజీ కిందా మీదా అయితే తనంతట తాను ఆగిపోయి బోర్డును కాపాడాల్సిన సర్క్యూట్ అందులో లేనే లేదు. పోతూ పోతూ బోర్డునీ, హార్డ్ డిస్కునీ తీసుకుపోయింది. మెమరీ కార్డులు అప్పటికే వేరే పెళ్లికి తిరిగి వాడేశాం. రోడ్లు బాగయ్యాక మీ పెద్ద మావయ్యా నేనూ డిస్కు పట్టుకుని విశాఖ వెళ్లాం. డేటా తీసే కుర్రాడు అదే మోడల్ పాత డిస్కు ఎక్కడో వెతికి, దాని కింది బోర్డు విప్పి, చిప్పు మార్చి అతికించాడు. స్నాతకం వచ్చింది, జీలకర్ర బెల్లం వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి. అప్పగింతలు రాలేదు.

హరిపురం ఆయన వచ్చి టీ తాగి, పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని, "అప్పుడు నేను వెనక ఉండిపోయాను బాబూ, జనం అడ్డం. పిల్ల మొహం కనబడలేదు. వీడియోలో చూసుకుందాంలే అనుకున్నాను" అన్నాడు. గొడవ పడి ఉంటే బాగుండేది. డబ్బు సగం వెనక్కిస్తే తీసుకోలేదు. ఇప్పటికీ పలాస స్టేషన్ దగ్గర కనబడితే నేనే పక్క సందులోకి తిరిగిపోతాను.

ఇంతకీ చెప్పేదేమిటంటే, 5060కి 145 వాట్లు, దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని కంపెనీయే చెబుతుంది. నువ్వు 650 వేసుకో, పేరున్న కంపెనీది, ఐదేళ్లకు తక్కువ కాని వారంటీతో. 80 ప్లస్ బ్రాంజ్ అన్న స్టిక్కరు చూసి అంతా అయిపోయిందనుకోకు. కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదే ఆ గుర్తు చెబుతుంది, లోపలి సరుకు సంగతి చెప్పదు. కూలర్ డబ్బులు ఇక్కడ పెట్టు. మానిటర్ చిన్నదైనా ఫరవాలేదు, ఇక్కడ మాత్రం బేరం వద్దు.

యూపీఎస్ నీ లిస్టులో లేదు. బెంగళూరు సంగతి నీకే తెలియాలి. ఇక్కడైతే అది లేకుండా కుదరదు, 1000 వీఏ కన్నా తక్కువది ఈ సిస్టమ్‌కి ఆనదు, రౌటర్ కూడా దానికే తగిలించాలి. అయితే సిస్టమ్ ఎక్కడ పెడతావు? లిస్టు కింద డెలివరీ అడ్రసు చూశాను. మన ఇల్లు వేశావు. పొరపాటున పాత అడ్రసు వచ్చేసిందేమో. ఆన్‌లైన్‌లో అలా అవుతూ ఉంటుంది. ఒకవేళ బెంగళూరులోనే కొంటే ఎస్‌పీ రోడ్డులో రెండు మూడు షాపులు అడుగు, జీఎస్టీ బిల్లు నీ పేరు మీద వేయించు. కట్టిన సిస్టమ్‌ని ఎప్పుడైనా రైల్లో తెచ్చేటట్టయితే గ్రాఫిక్స్ కార్డు విప్పి దాని డబ్బాలోనే పెట్టాలి. అలాగే ఉంచి తెస్తే కుదుపులకి స్లాటు విరుగుతుంది.

కెమెరా బొమ్మని కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు కొట్టేశాను, మనకే ఉంది. కెమెరా కూడా పాతది ఇస్తాను. మానిటర్ 144 హెర్ట్జ్‌ది కొన్నాక విండోస్‌లోకి వెళ్లి 144 పెట్టుకోవాలి, లేకపోతే 60లోనే ఉండిపోతుంది. దాని కేబులు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టు. 7600లో సొంత గ్రాఫిక్స్ ఉంది, కేబులు బోర్డుకి పెట్టినా బొమ్మ వచ్చేస్తుంది, కార్డు ఖాళీగా కూర్చుంటుంది.

నీ లైటింగ్ మాత్రం ఘోరం. ట్యూబులైటు నడినెత్తిన ఉంది, కళ్ల కింద నల్లగా పడుతోంది. లైటు కంటికి కొంచెం పైన, ఓ పక్కగా, ఎదురుగుండా ఉండాలి, ముందు తెల్లబట్ట కట్టాలి. అప్పుడు కూడా ఆ నలుపు అలాగే ఉంటే అది లైటు తప్పు కాదు. రాత్రి రెండు దాకా లైవ్‌లో ఉండి పొద్దున్న ఆఫీసుకి ఎలా వెళ్తున్నావు? భోజనం ఎన్నింటికి చేస్తున్నావు? బాగా చిక్కావని మీ అమ్మ, కెమెరాలో ఎవరైనా కొంచెం లావుగానే కనబడతారంటారు కదా, అందులోనే ఇలా ఉంటే విడిగా ఎలా ఉందో అని నేను.

ఫ్రేము చూడటం నా వృత్తి కాబట్టి ఇంకోటి కూడా కనబడింది. మొదట్లో నీ వెనక బల్ల మీద ఆఫీసు ల్యాప్‌టాప్, దానికి వేలాడుతూ ఐడీ కార్డు ఉండేవి. ఇప్పుడు అక్కడ నీళ్ల బాటిల్ ఉంది.

సోంపేట అత్త శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చి ఏదో అంది. వాళ్ల ఆడపడుచు కూతురు మీ పక్క బిల్డింగులోనే చేస్తుందట కదా. మీ టీమ్‌లో చాలామందిని తీసేశారని ఆ పిల్ల చెప్పిందట. నేను పట్టించుకోలేదు, ఆవిడ సంగతి తెలిసిందే, పెద్దోడి పెళ్లప్పుడు ఏం చేసిందో మర్చిపోలేదు. మీ అమ్మ మాత్రం ఆ రోజు వాయనాలు ఇవ్వడం మధ్యలో ఆపేసి లోపలికి వెళ్లిపోయింది.

కంపెనీ ఏదైనా సెటిల్‌మెంట్ డబ్బు ఇచ్చి ఉంటే అది మొత్తం సిస్టమ్‌లో పోసేయకు. ఆరు నెలల అద్దె, తిండి పక్కన పెట్టి మిగిలింది చూడు. చాలకపోతే నేను కలుపుతాను, కార్తీకంలో ముహూర్తాలు బాగా ఉన్నాయి, అడ్వాన్సులు వస్తున్నాయి. లైవ్ పని తెలిసిన మనిషి నాకు ఎప్పుడూ కావాలి, మన మిక్సింగ్ కుర్రాడికి ఓబీఎస్‌లో సీన్ మార్చడం ఇప్పటికీ సరిగా రాదు. ఇది ఉద్యోగం ఇస్తానని అనడం కాదులే.

వెనక గది ఖాళీ చేయించాను. చెదలు పట్టిందేమో చూద్దామని. పాత ఆల్బమ్‌లు అటక మీదకి ఎక్కించాం, ఎర్తింగ్ కొత్తగా వేయించాం, ఫైబర్ వాడు గురువారం వచ్చి కేబులు ఆ గదిలోకి లాగుతానన్నాడు. ఎలక్ట్రీషియన్ ప్లగ్ పాయింట్లు ఏ గోడకి పెట్టాలని అడుగుతున్నాడు. కిటికీ వైపు గాలి వస్తుంది గానీ మధ్యాహ్నం ఎండ మానిటర్ మీద పడుతుంది. తలుపు వైపైతే మీ అమ్మ వచ్చీ పోయీ లైవ్‌లో కనబడుతుంది. నీకేది కావాలో చెప్పు, వాడు శనివారం దాకా ఆగుతాడు.

ఇట్లు,
నాన్న

జీడిపప్పు కొత్త పంటది, వేయించలేదు. గాలి తగలకుండా మూత గట్టిగా పెట్టు. పీజీ పిల్లలకి కొంచెం ఇవ్వు, మొత్తం ఇచ్చేయకు.