వరద జాబితాలను కలిపిపెట్టిన పిల్లలకు, వీఆర్వో గారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. 2021 నవంబరు వరదల్లో మా బృందానికి బియ్యం, దుప్పట్లు ఇచ్చినవాళ్లకు ఇదివరకే థ్యాంక్స్ చెప్పుకున్నాం. ఈ పోస్టు మాత్రం ఒక్క మూట కూడా మోయకుండా ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చున్న మన తిరుపతి ఇంజనీరింగ్ పిల్లల కోసం, వాళ్ల పక్కన కూర్చున్న రిటైర్డ్ వీఆర్వో గారి కోసం.

స్వర్ణముఖి పొంగింది. ఆ వెంటనే రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారుతున్నాయని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మా దగ్గర సరుకుకు కొదవ లేదు, ఎవరికి అందిందో తెలిసే దారే లేదు. శిబిరంలో చేతిరాత రిజిస్టరు, మా గూగుల్ ఫామ్, మెడికల్ క్యాంపు వాళ్ల ఎక్సెల్, ఇవి చాలవన్నట్టు వాట్సాప్‌లో ఫొటోలు.

వీటిని కలిపేటప్పుడు ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే ఒకటి తీసేద్దామని మాలో కొందరన్నారు. మునెమ్మ, మునిరత్నం లేని వీధి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఉంటుందా? పిల్లలు ససేమిరా అన్నారు. పేరు, ఊరు, ఫోను మూడూ కలిస్తేనే ఒకరు. రెండే కలిస్తే పసుపు రంగు వేసి, ఫోన్ చేసి అడిగారు. ఒకే ఫోను వాడుకునే అత్తాకోడళ్లు అలాగే బయటపడ్డారు.

ఊళ్లకు కేంద్రం వాళ్ల లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లు (ఒక్కో గ్రామానికి ఒక్కో నంబరు) పెట్టారు. ‘కాలనీ’, ‘కొత్త ఇండ్లు’ అని జనం చెప్పే చోట్లు ఏ గ్రామం కిందికి వస్తాయో వీఆర్వో గారు చెబితేగానీ తేలలేదు.

ఐక్యరాజ్యసమితి సహాయ విభాగం ఓచా ప్రోత్సహించిన హెచ్‌ఎక్స్‌ఎల్ పద్ధతి కూడా ఈ పిల్లల దగ్గరే విన్నాం. కాలమ్ పేర్ల కింద ఒక వరుస హ్యాష్‌ట్యాగులు పెడతారు. ఒకరు ‘ఊరు’ అనీ ఇంకొకరు ‘విలేజ్’ అనీ రాసుకున్నా ట్యాగ్ ఒకటే కాబట్టి షీట్లు కలిసిపోతాయి. మీ ఎక్సెల్ మార్చండని ఎవరినీ బతిమాలే పని లేకపోయింది. (ఆ టెన్షన్‌లో బతిమాలితే తిట్లే.) 2004 సునామీ తర్వాత శ్రీలంకలో ఇలాంటి పనికే ‘సహనా’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారు చేశారట. దాన్ని పెట్టుకునే తీరిక లేక షీట్లతోనే కానిచ్చాం.

అన్నీ కలిపాక చూస్తే, రోడ్డు పక్క వీధుల్లో అన్ని బృందాలూ సరుకు దించాయి. వాగు అవతలి ఇళ్లలో చాలావాటి పేర్లు శిబిరం రిజిస్టరులో తప్ప ఎక్కడా లేవు. మరుసటి రోజు వ్యాన్లన్నీ అటే తిప్పాం.

డ్రైవర్లకిచ్చిన కాపీలో పేరు, వీధి, ఇవ్వాల్సిన సరుకు, అంతే. ఆధార్, జబ్బుల వివరాలు అందులోకి రానివ్వలేదు.

పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ట్యాగులు పెట్టిన ఖాళీ షీట్ కావాలంటే ఏ సేవా బృందమైనా అడగండి, పంపిస్తాం. జనం పేర్లున్న కాపీ మాత్రం అడగొద్దు, ఇవ్వం.