గ్రీజు కింద దాక్కున్న అక్షరం

చి. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన, నీ కారు ఇంజిన్ కోడ్ ఉన్న ప్లేటు ఫోటో చూశాను. 2జెడ్‌ఆర్-ఎఫ్ దాకా బాగానే కనబడుతోంది. ఆ తర్వాత అంతా గ్రీజే. "టొయోటా 1.8 పెట్రోల్ అని చెప్పాను కదా నాన్నా, టాపెట్ కవర్ గ్యాస్కెట్‌కి అది చాలదా?" అన్నావు. చాలదమ్మా. టాపెట్ కవరంటే ఇంజిన్ పైమూత, గ్యాస్కెట్ అంటే రెండు భాగాల మధ్య లీకు కాకుండా పెట్టే సీలు. అది ఆ ఇంజిన్‌దే అయ్యుండాలి. ఫోన్లో చెబితే సగంలోనే "సరేలే" అనేస్తావని ఉత్తరం రాస్తున్నా.

ఆ కోడ్‌లో డ్యాష్‌కి ముందున్నది ఇంటిపేరు, వెనకున్నది గుణగణాలు. నీ కారుది జెడ్‌ఆర్ కుటుంబం. రెండో అక్షరం ఇంధనాన్ని చెబుతుంది. ఆర్ అంటే పెట్రోల్, డి అంటే డీజిల్. మునుపు పెట్రోల్‌కి జెడ్ పెట్టేవాళ్లు, 1జెడ్‌జెడ్ లాంటి పేర్లు అలా వచ్చినవే. మొదట్లో ఉన్న 2 అంటే ఆ ఇంట్లో రెండోది అని, అంతే. పెద్దదని కాదు. 1జెడ్‌ఆర్ 1598 సీసీ, 2జెడ్‌ఆర్ 1798 సీసీ. అంకెతో పాటు సైజూ పెరుగుతుంది కాబోలు అనుకుంటావు. డీజిల్లో చూడు: 1జీడీ 2755 సీసీ, 2జీడీ 2393. తలకిందులు!

ఈ అంకె దగ్గరే నేనొకసారి బోల్తాపడ్డాను. 2కేడీ ఇంజిన్‌కి హెడ్ గ్యాస్కెట్ కావాలి, అంటే సిలిండర్లుండే బ్లాకుకీ దానిమీద కూర్చునే హెడ్‌కీ మధ్య పరిచేది. నేను హడావిడిలో "కేడీ డీజిల్‌ది" అని మాత్రమే చెప్పి తెప్పించాను. హెడ్ దించి, బ్లాకు శుభ్రంగా గీకి, కొత్త గ్యాస్కెట్ పరిచి చూస్తే ప్రతి సిలిండర్ చుట్టూ బ్లాకు లోహం సన్నటి గాజులా బయటికి కనబడుతోంది. వచ్చింది 1కేడీది. దాని సిలిండర్ వ్యాసం 96 మిల్లీమీటర్లు, మాది 92. చుట్టూ రెండేసి మిల్లీమీటర్లే కదా తేడా అని బిగించేస్తే ఏమయ్యేదో నీకు చెప్పక్కర్లేదు. తప్పు నాదే. మూడు రోజులు ఆ బండి బానెట్ తెరుచుకునే ఉంది.

ఇక డ్యాష్ వెనక సంగతి. ఎఫ్ అంటే రెండు క్యామ్‌లు (వాల్వుల్ని తెరిచే కడ్డీలు), వాల్వుల (గాలి లోపలికీ పొగ బయటికీ వదిలే తలుపుల్లాంటివి) మధ్య కోణం తక్కువ, రోజువారీ వాడకానికి తగ్గ హెడ్. పాత 4ఏ-ఎఫ్‌ఈలో బెల్ట్ ఒక్క క్యామ్‌నే తిప్పేది, ఆ క్యామ్ గేర్లతో రెండోదాన్ని తిప్పేది. అందుకే అవి అంత దగ్గరగా ఉండేవి. జీ అంటే కోణం ఎక్కువ, జోరు కోసం చేసిన హెడ్. 4ఏ-జీఈకి రెండు క్యామ్‌లకూ విడివిడిగా కవర్లుంటాయి. ఇంజిన్ అదే 1587 సీసీ, ఒక్క అక్షరం తేడాతో గ్యాస్కెట్లు మారిపోయాయి చూశావా! నువ్వు వీడియోల్లో చూసి మురిసిపోయే 2జేజెడ్-జీటీఈలో జీ తర్వాత టీ టర్బో, ఈ అంటే ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్.

నీ గ్రీజు కింద ఉన్నది ఎఫ్‌ఈ అయితే మామూలు ఇంజిన్. ఎఫ్‌ఏఈ అయితే వాల్వ్‌మ్యాటిక్, అంటే గాలి లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వు ఎంత లేవాలో కూడా మార్చుకునే ఏర్పాటు. దాని హెడ్ పైభాగం వేరు. ఎఫ్‌ఎక్స్‌ఈ అయితే ప్రియస్ లాంటి హైబ్రిడ్లకి పెట్టిన, ఇంధనం ఆదా చేసే అట్కిన్సన్ పద్ధతి ఇంజిన్. నీది హైబ్రిడ్ కాదు కాబట్టి ఆ టెన్షన్ లేదు. తేలాల్సింది మొదటి రెండింటి మధ్యే.

2017 నుంచి వచ్చిన కొత్త టొయోటా ఇంజిన్లకి పేరు పెట్టే పద్ధతే మార్చారు. ఏ25ఏ-ఎఫ్‌కేఎస్‌లో 25 అంటే 2.5 లీటర్లు. నాకైతే ఇదే నచ్చింది, సైజు కోసం పుస్తకం తిరగెయ్యక్కర్లేదు. సుజుకీ కే10బీ, నిస్సాన్ ఆర్‌బీ26డీఈటీటీ ఎప్పట్నుంచో ఇలాగే చెబుతున్నాయి. కాకపోతే నిస్సాన్‌లో ఆ డి డీజిల్ కాదు, డబుల్ క్యామ్. ఒక కంపెనీ వ్యాకరణంతో ఇంకో కంపెనీ కోడ్ చదవకు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. గుడ్డకి కాస్త డీజిల్ అద్ది ఆ ప్లేటు మెల్లగా తుడువు. గరుకు కాగితం పెట్టి రుద్దావంటే గ్రీజుతో పాటు అక్షరమూ పోతుంది. ఛాసిస్ నంబరు కూడా పడేలా ఇంకో ఫోటో పంపు, అది చూశాకే ఆర్డర్ పెడతాను. ఈలోగా బండి తీసే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూసుకో.

ఇట్లు,
నాన్న