పళ్ల లెక్క ముందు, మోటారు తర్వాత

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు తయారుచేసుకోవడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. బ్యాటరీ గురించి చెప్పిన జాగ్రత్తలు బాగున్నాయి. మోటారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎంత వేగం కావాలో చూసుకుని అంత ఎక్కువ కేవీ (వోల్టుకు తిరిగే వేగం) ఉన్న మోటారు కొనుక్కోమని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. గేరు రేషియో ఊసే లేదు, అంటే మోటారు పుల్లీకీ, దాని నుంచి బెల్టుతో తిరిగే చక్రం పుల్లీకీ ఉన్న పళ్ల నిష్పత్తి. నేను మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ని. ఈ మధ్య కుర్రాళ్లు స్కేట్‌బోర్డుల్లోంచి ఊడదీసిన చిన్న బ్రష్‌లెస్ మోటార్లు కూడా తెస్తున్నారు. విప్పితే చాలావాటిలో కనిపించేది ఒకటే: రాగి తీగ మీద ఎనామిల్ నల్లగా మాడి, చుట్టుకు చుట్టు షార్ట్ అయి ఉంటుంది. మోటారు నాసిరకం అనుకుంటారు పాపం. దాని మీద పడిన లోడు లెక్క ఎవరూ వేసి ఉండరు.

ఆ లెక్క కష్టమేమీ కాదు. పది సెల్స్ సిరీస్‌లో కలిపిన లిథియం ప్యాక్, అంటే 36 వోల్టులు అనుకుందాం. 63 మిల్లీమీటర్ల వ్యాసం, 54 మిల్లీమీటర్ల పొడవు ఉన్న 190 కేవీ మోటారు ఒకటి. చక్రాలు 90 మిల్లీమీటర్లవి. లోడు లేనప్పుడు వోల్టుకు ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతుందో చెప్పే అంకె కేవీ. కాబట్టి ఈ మోటారు తిరిగేది 6840 ఆర్‌పీఎం. మోటారు పుల్లీకి 15 పళ్లు, చక్రం పుల్లీకి 36 పళ్లు ఉంటే రేషియో 2.4. చక్రం 2850 ఆర్‌పీఎం తిరుగుతుంది, చుట్టుకు 28 సెంటీమీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. అంటే గంటకు 48 కిలోమీటర్లు. మనిషి ఎక్కాక, గాలి ఎదురయ్యాక, అది 40 దగ్గర ఆగుతుంది. అదే చక్రం పుల్లీకి 45 పళ్లు పెడితే రేషియో 3 అవుతుంది. కాగితం మీద 39, రోడ్డు మీద ఇంచుమించు 32.

వేగం తగ్గింది కదా, మరి లాభమేమిటి? ఎత్తు ఎక్కేటప్పుడు చూడండి. మనిషి, బోర్డు కలిపి 90 కిలోలు. రోడ్డు ప్రతి 100 మీటర్లకు 10 మీటర్లు లేస్తోంది. ఆ బరువును పైకి నెట్టడానికే 88 న్యూటన్ల బలం కావాలి. చక్రాల రాపిడికి ఇంకో 15 వేసుకుందాం. మొత్తం 103. రేషియో 2.4 అయితే మోటారు సుమారు 38 ఆంపియర్లు లాగుతుంది, 3 అయితే 31 ఆంపియర్లతో గట్టెక్కుతుంది. కాయిల్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 2.4 దగ్గర పుట్టే వేడి 56 శాతం ఎక్కువ. మోటారు అదే, రోడ్డు అదే. ఈ అవుట్‌రన్నర్ మోటార్లలో కాయిళ్లు లోపల, అయస్కాంతాలున్న డొప్ప బయట ఉంటాయి. లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి అసలే ఇరుకు. మాడేది అందుకే.

తక్కువ కేవీ మోటారు కొంటే టార్క్ (తిప్పే బలం) ఎక్కువ వస్తుంది కదా అని అడుగుతారు. చేత్తో చుట్టేవాడిగా దీనికి జవాబు చెప్పాలని నాకు గట్టిగా ఉంది. కేవీ తగ్గించాలంటే నేను చేసేది సన్న తీగతో ఎక్కువ చుట్లు వేయడమే. అప్పుడు ఆంపియర్‌కు వచ్చే టార్క్ పెరుగుతుంది, నిజం. 190 కేవీకి ఆంపియర్‌కు 0.05 న్యూటన్ మీటర్లు వస్తే 140 కేవీకి 0.068 వస్తుంది. కానీ తీగ కూర్చునే స్లాట్‌లో పట్టే రాగి మాత్రం అంతే. తీగ సన్నబడి పొడవు పెరుగుతుంది, చుట్లు రెట్టింపైతే రెసిస్టెన్స్ నాలుగు రెట్లవుతుంది. కాబట్టి ఒకే సైజు మోటార్లలో ఒకే టార్క్‌కు పుట్టే వేడి కేవీ ఏదైనా దాదాపు సమానం. తక్కువ కేవీతో తేలికపడేది మోటారుకు కరెంటు అందించే కంట్రోలరు, వైర్లు. మోటారు తేలికపడాలంటే రేషియో పెంచాలి, లేదా పొడవైన 6374 (63 మిల్లీమీటర్ల వ్యాసం, 74 మిల్లీమీటర్ల పొడవు) మోటారు వేయాలి, లేదా రెండు మోటార్లు పెట్టి పని పంచాలి. రెండు పెడితే ఒక్కోదానిలో వేడి నాలుగో వంతుకు దిగుతుంది. నన్నడిగితే ఒక్క పెద్ద మోటారు కంటే రెండు మామూలువే మేలు, చక్రాలకు పట్టు కూడా దొరుకుతుంది.

అలాగని రేషియో ఎంతంటే అంత పెంచుకోలేం. ఐదు మిల్లీమీటర్ల పిచ్ (పన్నుకూ పన్నుకూ మధ్య దూరం) ఉన్న బెల్టుకు 45 పళ్ల పుల్లీ వ్యాసం 72 మిల్లీమీటర్లు దాటదు గానీ, 90 మిల్లీమీటర్ల చక్రంలో దాని కింద మిగిలేది తొమ్మిదే. పక్క రేకు కలిపితే ఇంకా తక్కువ. ఒక కంకర రాయి చాలు బెల్టు చెడడానికి, పైగా చక్రాలు అరుగుతూ ఉంటాయి. పోనీ మోటారు పుల్లీని 12 పళ్లకు తగ్గిస్తే, బెల్టు పట్టుకునే పళ్లు తక్కువై గట్టిగా బ్రేకు వేసినప్పుడు జారుతుంది. జారితే బోర్డు ఆగదు. అందుకే ఈ చక్రాలకు 15, 40 పళ్ల జోడీ నాకు సరైనదనిపిస్తుంది, రేషియో 2.67. దానికి 170 కేవీ మోటారు వేస్తే కాగితం మీద 39 కిలోమీటర్లు. ఎత్తును చూసి రేషియో, వేగాన్ని చూసి కేవీ తేల్చుకోవాలి. తర్వాత చక్రాలు 110 మిల్లీమీటర్లకు మారిస్తే వేగం 22 శాతం పెరిగి, లాగే బలం 18 శాతం తగ్గుతుంది. పళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే. అయస్కాంతాల డొప్ప ఏ స్థానంలో ఉందో చెప్పే హాల్ సెన్సర్లు మోటారుకు ఉండేలా చూసుకోండి, నిలబడిన చోటి నుంచి కుదుపు లేకుండా కదులుతుంది.

వ్యాసంలో బ్రేకు గురించి లేకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ బోర్డు మోటారుతోనే ఆగుతుంది, ఆగేటప్పుడు పుట్టే కరెంటు బ్యాటరీలోకి పోవాలి. ప్యాక్ 42 వోల్టులకు నిండుగా చార్జ్ అయి ఉండగా కిందికి దిగడం మొదలుపెడితే ఆ కరెంటుకు చోటుండదు. బ్యాటరీని కాపాడే సర్క్యూట్ బీఎంఎస్ చార్జింగ్ దారిని మూసేస్తే వాలు మధ్యలో బ్రేకు పోవచ్చు. ఇంటి నుంచి దిగుడుతోనే బయలుదేరేవాళ్లు సెల్‌కు 4.1 వోల్టుల దగ్గరే చార్జింగ్ ఆపాలి. కాలితో ఆపడం నేర్చుకోకుండా, హెల్మెట్ లేకుండా ఎక్కనే కూడదు.

మీకు నా విన్నపం ఒకటే. ఇలాంటి వ్యాసం మళ్లీ వేసినప్పుడు మోటారు పేరు, వేగంతో పాటు రెండు పుల్లీల పళ్లు, చక్రం వ్యాసం, నడిపే మనిషి బరువు, ఎక్కిన ఎత్తు కూడా అచ్చు వేయండి. అవి ఉంటే పదో తరగతి పిల్లలు కూడా తమ బోర్డుకు తామే లెక్క కట్టుకోగలరు. మీరు ఫొటో వేసిన బోర్డు వివరాలు దాన్ని చేసినవాళ్ల దగ్గర ఉండే ఉంటాయి. అడిగి, వీలైతే వచ్చే వారమే ప్రచురించండి.

ఇట్లు,
మోటారు వైండింగ్ చేసే ఒక పాఠకుడు